గేర్‌బాక్స్ వార్నింగ్ వచ్చి పోతోంది, ఆయిల్ బాగానే ఉంది. వైరింగ్‌లో ఎక్కడ వెతకాలి?

ప్రశ్న

నాది టార్క్ కన్వర్టర్ ఉన్న పెట్రోల్ ఆటోమేటిక్. కొన్నాళ్లుగా మీటర్‌లో గేర్‌బాక్స్ వార్నింగ్ వెలుగుతోంది. వెలిగిందంటే బండి ఒకే గేరులో ఉండిపోతుంది, పికప్ ఉండదు. పక్కకు తీసి ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలుగా నడుస్తుంది. వాన పడ్డాక ఎక్కువగా వస్తోంది. రాత్రిపూట ఏసీ, హెడ్‌లైట్లు వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడూ వస్తోంది. స్కాన్ చేయిస్తే పీ0700, పీ0562, యూ0101 కోడ్‌లు పడ్డాయి. ఆయిల్ రంగు, లెవెల్ బాగున్నాయి. వర్క్‌షాపు వాళ్లు గేర్‌బాక్స్ దించి చూడాలంటున్నారు. పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీదికి వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది. దించే ముందు ఏమేం చూడాలి?

జవాబు 1

ముందు బ్యాటరీ టెర్మినళ్లు చేత్తో తిప్పి చూడండి. కాస్త కదిలినా ఇలాంటివన్నీ వస్తాయి. స్కానర్‌లో ఫ్రీజ్ ఫ్రేమ్ ఉంటే కోడ్ పడిన క్షణంలో వోల్టేజి ఎంతుందో చూడండి.

జవాబు 2

నేను ఆటో ఎలక్ట్రీషియన్‌ని. అప్పుడే గేర్‌బాక్స్ దించనివ్వకండి అండి. పీ0700 అంటే గేర్ కంప్యూటర్‌లో ఏదో కోడ్ ఉంది, అక్కడ చూడమని ఇంజన్ కంప్యూటర్ చెప్పడం మాత్రమే. ఆ ఒక్కదాన్ని పట్టుకుని గేర్‌బాక్స్ పోయిందనేస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. పీ0562 వోల్టేజి పడిపోయిందని, యూ0101 గేర్ కంప్యూటర్ నుంచి సమాచారం రావడం లేదని. ఈ రెండూ జంటగా వచ్చాయంటే ఆ కంప్యూటర్‌కి కరెంటు సరిగా అందడం లేదని నా మొదటి అనుమానం. లోపల క్లచ్ ప్లేట్లు అరిగి జారుతుంటే మామూలుగా గేర్ రేషియో తప్పిందని పీ0730 లాంటి కోడ్‌లు పడతాయి, మీకు అవి లేవు.

బండి కొన్ని గంటలు నిలబడ్డాక బ్యాటరీ దగ్గర 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. ఇంజన్ నడుస్తూ ఏసీ, లైట్లు వేసి ఉన్నా చాలా బండ్లలో 13.8 నుంచి 14.5 దాకా చూపించాలి. ఇక్కడ బాగుంటే ఎర్త్ వైపు, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్లే దారి వైపు వెళ్లండి, నా నమ్మకం దాని మీదే. మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి ఒక పిన్ను బ్యాటరీ నెగటివ్ సీసపు పోస్టు మీద, అంటే క్లాంపు మీద కాకుండా, రెండోది గేర్‌బాక్స్ బాడీ మీద శుభ్రమైన చోట ఆనించండి. ఇంకొకరు సెల్ఫ్ కొట్టాలి. 0.2 వోల్టు లోపు ఉంటే మంచిది. 0.5 దాటితే ఎర్త్ స్ట్రాప్ (గేర్‌బాక్స్‌ని బ్యాటరీ నెగటివ్‌కి కలిపే లావు తీగ) విప్పి చూడాల్సిందే. తర్వాత ఇంజన్ నడుస్తుండగా లోడంతా వేసి మళ్లీ కొలవండి. ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటు తిరిగి వెళ్లేది కూడా ఆ స్ట్రాప్ మీదుగానే. ఏసీ, లైట్లు వేసినప్పుడు వార్నింగ్ వస్తోందంటే నాకు గుర్తొచ్చేది అదే.

దీన్ని ఓమ్స్‌లో కొలిచి బాగుందనుకోవద్దు. మీటరు పంపేది చాలా చిన్న కరెంటు, కాబట్టి స్ట్రాప్‌లో నాలుగు పోగులే మిగిలినా సున్నాకి దగ్గరగానే చూపిస్తుంది. అసలు లోడు పడ్డప్పుడే దాని బలహీనత బయటపడుతుంది.

వాన సంగతికి వస్తే, బ్యాటరీ నెగటివ్ తీసేసి గేర్ కంప్యూటర్ కప్లర్ (వైర్లు కలిసే ప్లగ్గు), గేర్ పొజిషన్ స్విచ్ కప్లర్ విప్పి చూడండి. పచ్చటి చిలుము, నీటి మరకలు ఉన్నాయేమో. కొన్ని బండ్లలో గేర్ ఆయిలే వైరు లోపలి నుంచి పాక్కుంటూ కప్లర్ దాకా వస్తుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. ఎమరీ పేపరుతో పిన్నులు రుద్దితే పైపూత పోయి త్వరగా మళ్లీ చిలుము పడుతుంది.

జవాబు 3

పై అన్న చెప్పినవన్నీ బాగుంటే క్యాన్ లైన్ (బండిలో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్ల జత) కొలవండి. బ్యాటరీ తీసేశాక, స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య చాలా బండ్లలో 60 ఓమ్స్ రావాలి. 120 వస్తే ఒక చివర తెగినట్టే.

ప్రశ్న అడిగినవారు

కొలిచానండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు గేర్‌బాక్స్ దగ్గర 0.9 వచ్చింది, బండి బాడీ దగ్గర 0.05 మాత్రమే. బ్యాటరీ ట్రే కిందనుంచి గేర్‌బాక్స్‌కి వెళ్లే స్ట్రాప్ లగ్గు (బోల్టు బిగించే చివర) దగ్గర సగానికి పైగా తెగి, చిలుము పట్టి ఉంది. కొత్తది వేయించి, బోల్టు చోటు శుభ్రం చేయిస్తే 0.1 వచ్చింది. తర్వాత పెద్ద వానలో నడిపినా లైటు రాలేదు. కప్లర్లు పొడిగానే ఉన్నాయి. కానీ బ్యాటరీ తీసినప్పటి నుంచి రెండో గేరు పడేటప్పుడు కొంచెం కుదుపు ఉంది. ఇదేమిటి?

జవాబు 2

చాలా సంతోషం అండి. బ్యాటరీ తీస్తే కొన్ని బండ్లలో గేరు కంప్యూటరు నేర్చుకున్న షిఫ్ట్ లెక్కలు పోతాయి. తేలిగ్గా, రకరకాల స్పీడ్లలో కొన్నాళ్లు నడపండి, చాలా వరకు సర్దుకుంటుంది. తగ్గకపోతే స్కానర్‌తో అడాప్టేషన్, అంటే ఆ లెక్కలు మళ్లీ నేర్పించడం, చేయించాలి. పాత కోడ్‌లు చెరిపించే ముందు స్క్రీన్ ఫొటో తీసి పెట్టుకోండి. మళ్లీ ఏదైనా వస్తే అది కొత్తదో పాతదో వెంటనే తెలుస్తుంది.