1942లో బర్మా నుంచి నడిచొచ్చానంటున్న తాతగారి మాట ఎలా చెక్ చేయాలి?

చెన్నై పెరంబూర్‌లో మా పక్కింటి తాతగారు, తెలుగాయనే, చిన్నప్పుడు అమ్మ కొంగు పట్టుకుని రంగూన్ నుంచి సరిహద్దు ఊరు తమూ మీదుగా ఇంఫాల్ దాకా నడిచొచ్చామంటారు, చీర చెంగులో బురదనీళ్లు వడకట్టుకుని తాగిన సంగతి చెప్తుంటే ఒళ్లు జలదరిస్తుంది. మళ్లీ ఆయనే 1942 ఏప్రిల్లో రంగూన్ రేవులో మద్రాస్ ఓడెక్కామంటారు. మార్చిలోనే ఊరు జపానోళ్ల చేతికి పోయింది కదా! మా బావైతే అన్నీ కోతలే అని తేల్చేశాడు. నాకలా అనిపించట్లా, యుద్ధం అయ్యాక మళ్లీ అక్కడికెళ్లి, 1964లో అక్కడి ప్రభుత్వం షాపులన్నీ నేషనలైజ్ చేశాక, చెన్నైలో బర్మా బజార్ పెట్టుకున్న కాందిశీకుల్లాగా ఓడలో వచ్చుంటే రెండూ కలిసిపోయాయేమో. ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో (పాత ప్రభుత్వ రికార్డులుండే చోటు) 1942 కాందిశీకుల లిస్టులు ఎవరైనా చూశారా? ఆయన నొచ్చుకోకుండా ఏమేం అడగొచ్చో కూడా చెప్పండి, ఈ వయసులో కాగితాలు చూపించమంటే బాగోదు.