శాక్స్‌తో చదువుతూనే ఎక్స్ఎంఎల్‌ను మార్చొచ్చా? డామ్ తప్పదా?

హన్మకొండ_పోరడు:
మా బావ ఎనుమాముల మార్కెట్ దగ్గర లెక్కలు రాసే ఆఫీసు నడుపుతాడు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి తీసిన 1.4 జీబీ ఎక్స్ఎంఎల్ ఫైల్ (సమాచారాన్ని ట్యాగ్‌ల మధ్య రాసే ఫైల్) ఇచ్చి, పాత లెడ్జర్ పేర్లు మార్చమన్నాడు. ఫైల్ మొత్తాన్ని మెమరీలో పెట్టుకునే డామ్‌లోకి ఎక్కిస్తే నా 8 జీబీ ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది. ముక్కముక్కగా చదువుకుంటూ పోయే శాక్స్ పెట్టి, పేరు వచ్చిన చోట హ్యాండ్లర్‌లో (ఆ ముక్కలు అందుకునే నా కోడ్‌లో) మార్చాను. ఫైల్ తెరిస్తే ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది!

కాజీపేట_లోకో:
మారదు తమ్మీ. ట్యాగ్ మొదలైంది, అక్షరాలు వచ్చాయి, ట్యాగ్ ముగిసింది అని శాక్స్ కబురు చెబుతుంది, అంతే. కబురు మారిస్తే ఫైల్ మారుతుందా? 1998లో మొదటి వెర్షన్ వచ్చినప్పటి నుంచీ అది చదవడానికే. ర్యామ్ పెంచు, డామ్ వాడు.

మానేరు_గట్టు:
లోకో అన్నా, సగమే చెప్పారు. 2000లో వచ్చిన శాక్స్ 2లో ఫిల్టర్ అనేదే ఉంది కదా. పార్సర్‌కూ (ఫైల్ చదివే ప్రోగ్రామ్) రాసేవాడికీ మధ్య కూర్చుంటుంది. వచ్చిన ఈవెంట్‌ను, అంటే ఆ కబురును, మార్చి ముందుకు పంపుతుంది, చివర కొత్త ఫైల్ తయారవుతుంది. జావాలో ఎక్స్ఎంఎల్‌ఫిల్టర్‌ఇంప్ల్, పైథాన్‌లో ఎక్స్ఎంఎల్‌ఫిల్టర్‌బేస్, రాయడానికి ఎక్స్ఎంఎల్‌జనరేటర్. చదువుతున్న ఫైల్‌లోకే రాయకు తమ్మీ, తెరవగానే అది ఖాళీ అవుతుంది, చదవడానికేమీ మిగలదు. వేరే పేరుతో రాసి, అంతా అయ్యాక పేరు మార్చు.

ఇంకోటి. ఒక ట్యాగ్‌లోని అక్షరాలన్నీ ఒకేసారి వస్తాయనుకోకు. 'మిర్చి కమీషన్' కాస్తా 'మిర్చి క' ఒకసారి, 'మీషన్' ఇంకోసారి రావచ్చు. ముగింపు ట్యాగ్ దాకా పోగుచేసి అప్పుడు పోల్చు. నేను దీని మీద ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను.

కాజీపేట_లోకో:
మరి కామెంట్లు? సీడేటా (ఉన్నదున్నట్టు తీసుకోమని గుర్తు పెట్టిన అక్షరాలు)? నీ ఫిల్టర్‌లో అవి మాయమవుతాయి. ఆడిటర్ పాత ఫైల్‌నూ కొత్త ఫైల్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏం చెబుతావు?

మానేరు_గట్టు:
కామెంట్లు కావాలంటే వాటి కబురు అందుకునే లెక్సికల్ హ్యాండ్లర్ తగిలించాలి, ఒప్పుకుంటాను. ట్యాగ్‌లో విలువల చుట్టూ కోట్స్ సింగిలా డబులా అన్నది మాత్రం ఏ ప్రోగ్రామూ పట్టించుకోదు. మీరు అడగాల్సిన అసలు ప్రశ్న వేరే ఉంది అన్నా. కాంటా మీదకు బస్తా ఒకసారే వస్తుంది, తూచి దింపేస్తారు. అన్ని బస్తాల మొత్తం బరువు తక్‌పట్టీ (తూకం లెక్క రాసే చీటీ) మొదటి వరుసలోనే రాయమంటే? చివరి బస్తా దిగేదాకా తెలియదు. ఫైల్ మొదట్లో ఉండాల్సిన మొత్తం చివర్లో తేలితే ఒక్క నడకలో కుదరదు, రెండుసార్లు చదవాల్సిందే. అయినా రెండుసార్లు చదవడానికి ర్యామ్ కొననక్కర్లేదు!

హన్మకొండ_పోరడు:
ఫిల్టర్ పెట్టాను. మధ్యలో 'చెల్లని క్యారెక్టర్' అని ఆగిపోయింది. ఇప్పుడేం టెన్షన్ ఇది?

కాజీపేట_లోకో:
హా, ఇది నాకు తెలుసు. 'నాట్ అప్లికబుల్' అనే మాట ముందు 4వ నంబరు కంట్రోల్ క్యారెక్టర్ (అచ్చుకు రాని గుర్తు) ఉందేమో చూడు. ఎక్స్ఎంఎల్ 1.0లో 32వ నంబరుకు లోపల ట్యాబ్, రెండు రకాల లైన్ ముగింపులు తప్ప ఏదీ చెల్లదు. డామ్ అయినా ఇక్కడే ఆగేది. పార్సర్‌కు ఇవ్వకముందే సెడ్‌తో (టెక్స్ట్‌లో వెతికి మార్చే కమాండ్) తీసెయ్. ఫైల్ యూటీఎఫ్-16 (అక్షరాలను కంప్యూటర్‌లో దాచే ఒక పద్ధతి) అయితే ముందు యూటీఎఫ్-8కి మార్చు, లేకపోతే సెడ్‌కు ఏమీ దొరకదు.

హన్మకొండ_పోరడు:
అవును, యూటీఎఫ్-16 అన్నా! మార్చి, శుభ్రం చేసి నడిపాను. పేర్లన్నీ మారాయి, ల్యాప్‌టాప్ ఫ్యాన్ కూడా పెద్దగా అరవలేదు. పైన మొత్తాలేమీ లేవు కాబట్టి ఒక్క నడకే సరిపోయింది.

కాజీపేట_లోకో:
సంతోషం. నా 40 ఎంబీ ఫైళ్లకు మాత్రం నేను డామే వాడతా.