అప్‌డేట్: కెల్టిక్ ముడులు నిజంగా రక్షణ కోసమేనా?

మా చెల్లికి పుట్టబోయే పాప దుప్పటి మీద కెల్టిక్ ముడి (ఐర్లండ్, బ్రిటన్‌ల పాత కళలో కనిపించే, తీగల్లా అల్లుకుపోయే గీతల డిజైన్) కుడదామనుకుని, దానికి దిష్టి నుంచి కాపాడే అర్థం నిజంగా ఉందా అని పోయిన నెల అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. మీరు చెప్పినవన్నీ పట్టుకుని చదివాను.

ఒక్కో ముడికి ఒక్కో అర్థం అని షాపులవాళ్లు ఇచ్చే పట్టికలు ఈ మధ్యకాలంలో పుట్టినవే. అలా అర్థాలు రాసిపెట్టిన మధ్యయుగపు లేఖకుడు ఒక్కడూ లేడు. కానీ రక్షణ అన్న మాట ఉత్తదేం కాదు. క్రీ.శ. 700 ప్రాంతంలో చేత్తో రాసి, బొమ్మలు వేసిన డరో సువార్త గ్రంథం (ఐర్లండ్‌లోని డరో మఠం పేరు మీద పిలిచే పుస్తకం) లో ఒక పేజీని జూమ్ చేసి చూశాను. అంచుల్లో జంతువులు ఒకదాన్నొకటి కొరుకుతూ మెలికలు తిరిగాయి, మధ్యలో అల్లికల వలయం, దాని నడిబొడ్డున చిన్న శిలువ. చూపు చిక్కుకుపోయి, చాలాసేపటికి గానీ అక్కడికి చేరలేదు. ఇలాంటి పేజీలు సువార్తకు గుమ్మం ముందు కాపలా లాంటివని కొందరు పండితుల అభిప్రాయం. నాకూ అదే నిజమనిపిస్తోంది.

అసలు మహిమంతా పుస్తకానిదేనని నమ్మేవారట! ఐర్లండ్ పుస్తకాల ఆకులు గీకిన పొడి నీళ్లలో కలిపి తాగితే పాము విషం దిగేదని బీడ్ అనే ఇంగ్లండ్ సన్యాసి, చరిత్రకారుడు 731లో రాశాడు. 17వ శతాబ్దంలో ఈ డరో గ్రంథాన్నే నీళ్లలో ముంచి, ఆ నీళ్లు జబ్బుపడ్డ పశువులకు పట్టేవారు.

దుప్పటి మొదలుపెట్టేశాను. అంచంతా అల్లిక, మధ్యలో పాప పేరు.