సీటు గట్టిగా ఉండాలా, నలగాలా?

రెక్కమేస్త్రి: సొంతంగా కట్టుకుంటున్న రెండు సీట్ల విమానం. ప్లానులో అల్యూమినియం రేకు సీటు ఉంది. దాని బదులు నా ఒంటికి సరిపోయేలా ఫైబర్‌గ్లాస్‌తో చేసుకుందామని ఉంది. చదరపు మీటరుకు 300 గ్రాముల గుడ్డ, నాలుగు పొరలు, వాటిని అతికించి గట్టిపరిచే రెసిన్‌గా ఎపాక్సీ. వైశాల్యం 0.8 చదరపు మీటర్లు. గుడ్డ బరువెంతో రెసిన్ అంత వేసుకున్నా రెండు కిలోలు దాటదు. మా బావమరిదేమో "అది సీటు కాదు, కుండపెంకు" అంటున్నాడు. ఏమంటారు?

పాతరెంచి: బావమరిది మాటే కరెక్టండి. విమానం నేలకు గుద్దుకుంటే రేకు సొట్టపోతూ దెబ్బ కొంత తను తింటుంది. గాజుగుడ్డ చివరిదాకా బిగుసుకుని ఉండి ఒక్కసారిగా ఫట్‌మంటుంది. విరిగిన అంచు కత్తే.

గాలిపటం: బర్ట్ రుటాన్ 1975లో వేరీఈజీ అనే చిన్న విమానం ఎగరేసినప్పటి నుంచీ జనం ఫోము, గాజుగుడ్డలతో మొత్తం విమానాలే కట్టుకుంటున్నారు. సీటు దగ్గరికొచ్చేసరికి భయమెందుకు సార్?

పాతరెంచి: రెక్క వేరు, వెన్ను కింద ఉండేది వేరు. చిన్న విమానాల సీట్లకు అమెరికా 1988లో పెట్టిన పరీక్షలో ముందు వరుస సీటును నిలువుదెబ్బకు 19 జీలతో, అంటే భూమి ఆకర్షణకు 19 రెట్లతో, కుదుపుతారు. నడుము మీద పడే బరువు 1500 పౌన్లు, అంటే 680 కిలోలు, దాటకూడదు. మనం కట్టుకునేవాటికి ఆ పరీక్ష తప్పనిసరి కాదు. నడుముకి ఆ మినహాయింపు తెలియదు కదా!

గాలిపటం: ఒప్పుకున్నా. అయితే నలిగే పని షెల్‌కి, అంటే ఆ గాజుగుడ్డ డొప్పకి, ఎందుకు? షెల్ ఆకారం నిలబెడుతుంది, నలగడం దాని మీది ఫోము చూసుకుంటుంది. నొక్కితే మెల్లగా లేచే గట్టి ఫోము వాడాలి. మెత్తటి పరుపు స్పాంజి మాత్రం వద్దు. అది ముందే అడుగంటిపోతుంది, ఆలోపు మనిషి వేగం పుంజుకుని షెల్‌కి ఇంకా గట్టిగా గుద్దుకుంటాడు. ఇంకోటి, నాలా పాలిస్టర్ రెసిన్ జోలికి పోకండి. చవకని థర్మోకోల్ అచ్చు మీద పూశాను. టీ తాగి వచ్చేసరికి వీపు భాగమంతా కరిగి గుంటపడింది, పైన గుడ్డ తడి దుప్పటిలా వేలాడుతోంది. ఎపాక్సీ అయితే థర్మోకోల్‌ని తినదు.

పాతరెంచి: బెల్టులు ఎక్కడ బిగిస్తున్నారు? 77 కిలోల మనిషి 9 జీల దగ్గర దాదాపు 700 కిలోలు లాగుతాడు.

రెక్కమేస్త్రి: షెల్‌కే బోల్టులు వేద్దామనుకున్నాను... మానేశాను, ఫ్రేముకే వేస్తాను. షెల్ సంగతి ఇంకా తేల్చుకోలేదు. ముందు అరచేయంత ముక్క చేసి, వైస్‌లో బిగించి విరిచి చూస్తాను.

పాతరెంచి: కళ్లద్దాలు పెట్టుకుని విరవండి. పక్కనే అదే బరువు రేకు ముక్క కూడా వంచి, రెండూ ఫోటో పెట్టండి.