ఒకే పూటలో మూడు సబ్జెక్టులు కలిపి చదివితే ఎక్కువ గుర్తుంటుందా?

ఎంపీసీ అమ్మ: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. ఎవరో చెప్పారని అరగంట లెక్కలు, అరగంట ఫిజిక్స్, అరగంట కెమిస్ట్రీ అంటూ మార్చి మార్చి చదువుతున్నాడు. ఒక చాప్టర్ పూర్తయ్యాకే ఇంకోటి పట్టుకోమని వాళ్ల నాన్నగారి పట్టు. రోజూ ఇంట్లో ఇదే గొడవ. మీరేమంటారు?

లెక్కల మాస్టారు: వాళ్ల నాన్నగారి మాటే నాదీ. ఇరవై రెండేళ్లు ఇంటర్ పిల్లలకు పాఠం చెప్పాను. ఒకే రకం లెక్కలు వరసగా ముప్పై చేస్తేనే చెయ్యి తిరుగుతుంది.

గోదారి బీటెక్: మాస్టారూ, చెయ్యి తిరగడానికి అది సరే. కానీ ఇంటిగ్రేషన్ చూడండి. ఎక్సర్‌సైజులో ఏ పద్ధతి వాడాలో పైన హెడ్డింగే చెప్పేస్తుంది. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) పేపర్లో హెడ్డింగ్ ఉండదు. సబ్‌స్టిట్యూషనా, బై పార్ట్సా అన్నది మనమే తేల్చుకోవాలి. నేను ఆ తేల్చుకోవడం ఎప్పుడూ సాధన చేయలేదు. ఇంట్లో అన్నీ వచ్చేవి, గ్రాండ్ టెస్టులో మొదటి అడుగు దగ్గరే ఆగిపోయేవాణ్ణి.

అమెరికాలో రోరర్, టేలర్ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థులకు ఘనపరిమాణం లెక్కలిచ్చి ఇదే చూశారు. 2007లో ఫలితాలు అచ్చయ్యాయి. సాధన చేసేటప్పుడు ఒక్కో రకం వరసగా చేసినవాళ్లకు 89 శాతం, కలిపి చేసినవాళ్లకు 60 శాతం సరిగ్గా వచ్చాయి. వారం తర్వాత పరీక్ష పెడితే వరసవాళ్లకు 20, కలిపినవాళ్లకు 63!

అయితే అమ్మా, మీ అబ్బాయి చేస్తున్నది ఇది కాదు. ఇంటిగ్రేషన్‌నీ ఆర్గానిక్ కెమిస్ట్రీనీ చూసి ఎవరూ ఒకటనుకోరు. కలపాల్సింది ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకునేవాటిని. పర్మ్యుటేషన్స్, కాంబినేషన్స్ లాంటివి.

లెక్కల మాస్టారు: ఆ 89, 20 నా క్లాసులోనూ చూశాను బాబూ. యూనిట్ టెస్టులో బాగా రాసిన పిల్లలే ప్రీఫైనల్లో తెల్లమొహం వేసేవారు. రివిజన్ చేయలేదని కోప్పడేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంది. ఒక్క షరతు మాత్రం వదలను. కొత్త చాప్టర్ మొదలెట్టిన రెండు మూడు రోజులు ఏదీ కలపొద్దు, చదువులో వెనకబడ్డ పిల్లలు బెదిరిపోతారు.

ఎంపీసీ అమ్మ: అయితే హెడ్డింగులు తీసేసి, లెక్కలు కలిపి నేనే తెల్లకాగితం మీద రాసిస్తాను. ఎన్ని రాయమంటారు మాస్టారూ?

లెక్కల మాస్టారు: రోజుకు పన్నెండు చాలమ్మా. వాటిలో నాలుగు పాత చాప్టర్లవి పెట్టండి.