సీ1000ను కొని జంబో బాగుపడిందా, పోటీదారుణ్ణి బలపరిచిందా?

గల్లాపెట్టె:
నెదర్లాండ్స్‌లో వాన్ ఏర్డ్ కుటుంబానికి చెందిన సూపర్‌మార్కెట్ల సంస్థ జంబో 2009లో సూపర్ డి బూర్ అనే మరో సూపర్‌మార్కెట్ల సంస్థను 55.25 కోట్ల యూరోలకు కొన్నది. అది అరగకముందే, 2011 నవంబరులో, నాలుగు వందలకు పైగా కొట్లున్న సీ1000ను దాదాపు 90 కోట్లకు కొంటున్నామంది. తర్వాత 82 కొట్లు (78 సీ1000వి, 4 సొంతవి) అహోల్డ్‌కు, అంటే పోటీ సూపర్‌మార్కెట్లు ఆల్బర్ట్ హైన్ యజమానికే, అమ్మింది. నా దృష్టిలో ఇది తొందరపాటు. మంచి సెంటర్లు చేతులారా ప్రత్యర్థికి అప్పగించడమే.

తూకంరాయి:
గల్లాపెట్టె గారూ, ఆ 82 కొట్లకూ 29 కోట్లు వచ్చాయి. ఒక్కోటి 35 లక్షల యూరోల పైమాటే. కొన్న ధరలో దాదాపు మూడో వంతు చేతికొచ్చింది. పైగా పోటీ నియంత్రణ సంస్థ కూడా కొన్ని ఊళ్లలో కొట్లు వదులుకోమంది. ఒకే వీధిలో రెండు జంబోలు పెట్టుకుని ఏం చేస్తారు?

గోదాము:
అసలు చిక్కు ధరల పద్ధతిలో ఉంది. సీ1000 వారంవారం ఆఫర్లతో జనాన్ని రప్పించేది. జంబోది అప్పట్లో రోజూ ఒకే తక్కువ ధర. బోర్డు మార్చిన రోజున ఆఫర్ల కోసమే వచ్చేవాళ్లు జారిపోతారు, తక్కువ ధరపై నమ్మకం కుదరడానికి నెలలు పడుతుంది. పైగా అప్పట్లో జంబో హామీ ఒకటుండేది: కౌంటర్లన్నీ తెరవకుండా మీరు లైన్లో నాలుగో మనిషైతే సరుకులు ఉచితం. పెద్ద కొట్టుకు ఇది ప్రచారం. మూడు కౌంటర్ల చిన్న కొట్టులో మాత్రం సాయంత్రం రద్దీకి అదనపు మనిషిని పెట్టక తప్పదు, ఆ జీతం లాభంలోంచే పోతుంది. చిన్నవి వదిలించుకోవడం సబబే.

తూకంరాయి:
నెదర్లాండ్స్‌లోనే మరో సూపర్‌మార్కెట్ల సంస్థ లారుస్ గతి మరిచిపోకూడదు. 2001లో తన ఎడా, సూపర్ డి బూర్ కొట్లను హడావిడిగా తన మరో బ్రాండు కోన్‌మార్‌గా మార్చబోయి నష్టాల్లో మునిగింది, 2002లో ఫ్రాన్స్‌ రిటైల్ సంస్థ కసీనో వాటా కొంటే గట్టెక్కింది. జంబో మాత్రం 2015 దాకా నిదానంగా మార్చుకుంటూ వచ్చింది.

గల్లాపెట్టె:
నిదానానికీ ఖర్చుంటుందండీ. మార్పు సాగినన్నాళ్లూ రెండు సొంత బ్రాండ్ల సరుకు, రెండు రకాల అరల అమరిక, రెండు సరఫరా మార్గాలు. పాత బోర్డు కొట్లు తగ్గేకొద్దీ లారీలు సగం ఖాళీగా తిరుగుతాయి, పెట్టెకు పడే రవాణా ఖర్చు పెరుగుతుంది. సీ1000 కొట్లు చాలావరకు ఫ్రాంచైజీ యజమానులవి, ప్రతి ఒక్కరితో ఒప్పందం కుదరాలి. 29 కోట్ల పక్కన ఈ ఖర్చు కూడా రాసి చూపండి, అప్పుడు ఒప్పుకుంటాను.