అమెరికా పౌరుడైన అన్నయ్యకు నాన్న పొలం ఎలా రాసివ్వాలి?

మాది పరకాల దగ్గర పల్లె. అన్నయ్య ఇరవై ఏళ్ల కిందట డల్లాస్ వెళ్లి అక్కడే స్థిరపడ్డాడు. 2019లో ఆ దేశ పౌరసత్వం తీసుకున్నాడు. దాంతో మన పౌరసత్వం పోయింది, విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు వచ్చింది. రద్దు ముద్ర పడిన పాత పాస్‌పోర్టును మాత్రం నాన్న తన ట్రంకుపెట్టెలో దాచుకున్నారు.

నాన్నకు 78 ఏళ్లు. నాలుగెకరాల పత్తి చేను ఉంది, పూర్తిగా స్వార్జితం. తాను ఉండగానే మా ఇద్దరికీ చెరి రెండెకరాలు దానపత్రం రాయాలని పట్టుబట్టారు. బావిగట్టు మీది చింతచెట్టు అన్నయ్య వాటాలోకే రావాలట!

తీరా వెళితే దస్తావేజులు రాసే ఆయన ‘వాళ్లకు కుదరదు’ అని పంపేశారు. చదివి చూశాను. విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం (ఫెమా) నిబంధనల ప్రకారం ఓసీఐ కార్డు ఉన్నవారు వ్యవసాయ భూమి కొనకూడదు, దానంగానూ తీసుకోకూడదు. వారసత్వంగా మాత్రం పొందవచ్చు. అంటే వీలునామా ఒక్కటే దారి అనిపిస్తోంది.

వరంగల్, కరీంనగర్ వైపు ఇలా చేసినవారు ఉన్నారా? వీలునామాను రిజిస్టరు చేయించారా? తరువాత ఓసీఐ పేరు మీద పట్టాదారు పాసుపుస్తకం ఇచ్చారా, ఏ కాగితాలు అడిగారు? అన్నయ్య సంక్రాంతికి వస్తున్నాడు, మూడు వారాలే ఉంటాడు. ఆయన సంతకాలు ఎక్కడెక్కడ అవసరమో ముందే తెలిస్తే మేలు.